కృత్రిమ కణం - రోగ నిదానం

తెలుగులో 'నిదానం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వాడుకలో అది నెమ్మదిని, తొందరపాటు లేని నడవడిని తెలుపుతుంది. 'నిదానమే ప్రధానం' అని పెద్దలు పిన్నలకు చెప్పేది ఈ అర్థంలోనే. సంస్కృతంలో దాని అర్థం వేరు. అక్కడ నిదానమంటే మూలకారణం. లక్షణాలను పరిశీలించి రోగానికి మూలమేదో తేల్చడాన్ని ఆయుర్వేదం రోగ నిదానమన్నది. మాధవకరుడు రచించిన 'మాధవనిదానం' అనే ప్రాచీన వైద్యగ్రంథం ఈ విషయాన్నే ప్రధానంగా వివరిస్తుంది. చికిత్సకు ముందు రోగాన్ని గుర్తించడం ఒక ప్రత్యేక శాస్త్రమని పూర్వులు గ్రహించారనడానికి ఆ గ్రంథమే నిదర్శనం.

అయితే ఈ రెండు అర్థాలూ ఒకచోట కలవడం రోగికి క్షేమం కాదు. రోగ నిదానంలో నిదానం పనికిరాదు. సూక్ష్మజీవుల వలన కలిగే జ్వరాలలో ఆలస్యమయ్యే ప్రతి దినమూ రోగి బలాన్ని తగ్గించి, క్రిమి బలాన్ని పెంచుతుంది. 'ఆలస్యం అమృతం విషం' అనే లోకోక్తి ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. ఈ ఆలస్యాన్ని తగ్గించడానికి శాస్త్రజ్ఞులు చేస్తున్న ప్రయత్నాలలో ఆశ్చర్యకరమైనది కృత్రిమ కణ నిర్మాణం. ప్రాణం లేకపోయినా, ప్రాణమున్న కణం వలె శత్రువును పసిగట్టి సూచన ఇవ్వగల అతిసూక్ష్మమైన సంచి అది. దాని స్వరూపాన్ని, అవసరాన్ని, పరిమితులను తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

శేషాచలం అంచున ఒక జ్వరం

తిరుమల కొండలు శేషాచల అరణ్యంలో భాగం. 2010లో ఈ అరణ్యం జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తింపు పొందింది. అలిపిరి నుండి మూడున్నర వేలకు పైగా మెట్లెక్కి కొండకు చేరే యాత్రికునికి ఇరువైపులా కనిపించేది ఈ అడవే. కొండ కింద తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెలు, మామిడి తోటలు, బీడు భూములు, పొదలు విస్తరించి ఉన్నాయి. పశువులను మేపేవారు, గడ్డి కోసేవారు, కట్టెలు ఏరేవారు నిత్యం ఆ పొదల నడుమ తిరుగుతారు.

అటువంటి పొదలలో, గడ్డిలో చిగ్గర్ అనే అతిచిన్న పురుగు ఉంటుంది. అది ఒక జాతి మైట్ పురుగు పిల్లదశ. కంటికి ఆనీ ఆననంత చిన్నది. అది కుట్టినప్పుడు నొప్పి ఉండదు. కాని దాని ద్వారా ఓరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా మనిషి శరీరంలోకి ప్రవేశిస్తుంది. ఫలితంగా కలిగే జ్వరమే స్క్రబ్ టైఫస్. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అస్సాం, బర్మా సరిహద్దు అడవులలో ఎందరో సైనికులు దీని బారిన పడ్డారు. ఇది ఒకరి నుండి మరొకరికి నేరుగా సోకదు. పురుగు కుట్టిన వారికే వస్తుంది. వానలు వెనుకబట్టే కాలంలోను, చలికాలపు తొలి నెలలలోను ఎక్కువగా కనిపిస్తుంది. 2025 చివరి నెలలలో ఆంధ్రప్రదేశ్‌లో ఈ వ్యాధి ప్రజల చర్చకు వచ్చినప్పుడు చిత్తూరు జిల్లా పేరు ముందు వరుసలో వినిపించింది.

ఈ జ్వరం సాధారణంగా నడిచే తీరును ఒక ఉదాహరణతో ఊహించవచ్చు. మామిడి తోటలో గడ్డి కోసే ఒక స్త్రీకి పనిచేసిన పది రోజులకు జ్వరం వస్తుంది. తలనొప్పి, ఒళ్ళునొప్పులు ఉంటాయి. మొదటి రెండు రోజులు ఊళ్ళో దొరికిన మాత్రలతో గడుస్తాయి. మూడవనాడు మలేరియా, టైఫాయిడ్, డెంగీ పరీక్షలు జరుగుతాయి. వాటిలో ఏమీ తేలదు. జ్వరం తగ్గదు. ఏడవనాటికి ఆయాసం మొదలవుతుంది. అప్పుడు ఆమెను తిరుపతిలోని పెద్దాసుపత్రికి తరలిస్తారు. అక్కడ అనుభవజ్ఞుడైన వైద్యుడు ఒంటిని పూర్తిగా పరీక్షించినప్పుడు చంకలోనో, నడుము మడతలోనో నల్లని పెచ్చు కట్టిన చిన్న పుండు కనిపిస్తుంది. నిప్పు అంటుకొని కాలిన మచ్చ వలె ఉండే ఆ గురుతు స్క్రబ్ టైఫస్‌కు ముఖ్యమైన ఆనవాలు. అది కనిపించని రోగులు కూడా ఎందరో ఉంటారు. అటువంటప్పుడు వైద్యుని పని మరింత కష్టమవుతుంది. వ్యాధి ముదిరితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినే ప్రమాదముంది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ వ్యాధికి మందు లేక కాదు ఈ అవస్థ. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందు సకాలంలో అందితే చాలామంది రోగులు రెండు మూడు రోజులలోనే తేరుకుంటారు. ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొన్నాడు. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ పరిశోధనలకు మార్గదర్శకత్వం వహించినవాడు భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒక తెలుగు శాస్త్రవేత్త పర్యవేక్షణలో వెలువడిన మందుల కుటుంబమే ఈ జ్వరానికి విరుగుడు కాగా, తెలుగు నేల మీదనే రోగి మృత్యువు అంచుకు చేరడం విషాదం. లోపించినది ఔషధం కాదు, వ్యాధి పేరు. ఆ పేరు సకాలంలో తెలియకపోవడమే అసలు రోగం.

గుర్తింపులో ఎదురయ్యే చిక్కులు

రోగక్రిమిని గుర్తించే విద్యలో తెలుగు నేలకు ఘనమైన చరిత్ర ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి ఎదుగుదలను సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆనాటి నుండి నేటివరకు గుర్తింపు పద్ధతులు ఎంతో వృద్ధి చెందాయి. వాటిని స్థూలంగా మూడు విధాలుగా చెప్పవచ్చు.

మొదటిది క్రిమిని పెంచి చూడటం. రోగి రక్తాన్నో, కఫాన్నో పోషకద్రవంలో ఉంచి, అందులో ఏ క్రిమి పెరుగుతుందో పరిశీలిస్తారు. దీనికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. స్క్రబ్ టైఫస్ క్రిమి జీవకణాల లోపల తప్ప పెరగదు. కనుక సాధారణ ఆసుపత్రులలో ఈ పద్ధతి దానికి పనికిరాదు.

రెండవది శరీరం చేసే ప్రతిఘటనను కొలవడం. క్రిమి ప్రవేశించినప్పుడు రక్తంలో ప్రతిరక్షకాలు పుడతాయి. వాటిని పరీక్షతో గుర్తించవచ్చు. 1916లో వైల్, ఫెలిక్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు టైఫస్ జ్వరానికి రూపొందించిన పరీక్ష ఈ కోవకు చెందినది. అది తరువాతి కాలంలో స్క్రబ్ టైఫస్‌కు కూడా ఉపయోగపడింది. చవకైనదే కాని, చాలామంది రోగులను అది పట్టుకోలేదు. ఎలీసా పరీక్ష దానికంటె నమ్మదగినది. అయితే ప్రతిరక్షకాలు తగినంతగా పుట్టడానికి వారం రోజులు పట్టవచ్చు. జ్వరం వచ్చిన రెండవనాడు చేసిన పరీక్షలో ఏమీ తేలకపోవడానికి కారణమిదే. వ్యాధి లేదని కాదు, శరీరం ఇంకా సాక్ష్యం చెప్పలేదని దాని అర్థం.

మూడవది క్రిమి జన్యుపదార్థాన్ని వెదకడం. పీసీఆర్ అనే ఈ పద్ధతిని కోవిడ్ కాలంలో సామాన్యులు సైతం తెలుసుకున్నారు. హైదరాబాదులోని సీసీఎంబీ, అనగా కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, 2020లో ఈ పరీక్షను సులభతరం చేసే పొడి నమూనా పద్ధతిని రూపొందించింది. ముక్కు నుండి తీసిన నమూనాను ద్రవంలో ముంచకుండా పొడిగానే పంపి, తక్కువ వ్యయంతో, తక్కువ సమయంలో పరీక్షించే మార్గమది. అయినప్పటికీ పీసీఆర్‌కు యంత్రం కావాలి, విద్యుత్తు కావాలి, శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. కొండ అంచు పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇవన్నీ ఒక్కసారిగా సమకూరడం సులభం కాదు.

తిరుమల వంటి పుణ్యక్షేత్రంలో మరొక చిక్కు కూడా ఉంది. రోజుకు అరవై డెబ్బయి వేలమంది యాత్రికులు వివిధ రాష్ట్రాల నుండి వచ్చి, ఒకటి రెండు దినాలు గడిపి తిరిగి వెళ్తారు. జ్వరంతో కొండమీది ఆసుపత్రికి వచ్చిన యాత్రికుని పరీక్షా ఫలితం మూడవనాటికి వచ్చిందనుకుంటే, అప్పటికి అతడు రైలులో వందల మైళ్ళు దాటి ఉంటాడు. అటువంటిచోట వైద్యునికి కావలసినది రోగి ఎదుటనే, గంటలో జవాబు చెప్పే పరీక్ష. కృత్రిమ కణాల వైపు శాస్త్రజ్ఞుల దృష్టి మరలడానికి ఈ అవసరమే ఒక ప్రధాన కారణం.

పోటు, దిట్టం, కణం

గుర్తించడం అనే పనిని ప్రకృతిలో అందరికంటె నేర్పుగా చేసేది జీవకణమే. తన చుట్టూ ఉన్న వేలాది అణువులలో తనకు కావలసినదానిని, కీడు చేసేదానిని వేరు చేసి తెలుసుకొని, అందుకు తగినట్లు ప్రవర్తిస్తుంది. దాని పనితీరును తిరుమల ఆలయ సంప్రదాయంలోని ఒక ఉపమానంతో అర్థం చేసుకోవచ్చు.

ఆలయంలో ప్రసాదాలు తయారయ్యే వంటశాలను 'పోటు' అంటారు. లడ్డూల తయారీకి ఏ సరుకు ఎంత ఉండాలో నిర్ణయించిన పట్టికను 'దిట్టం' అంటారు. శనగపిండి, చక్కెర, నెయ్యి మొదలైన సరుకులను పోటు పనివారు దిట్టం ప్రకారం కలిపి లడ్డూలు చేస్తారు. కణం కూడా ఇటువంటి పోటే. దాని చుట్టూ ఉండే పలుచని కొవ్వుపొర పోటు గోడ. డీఎన్‌ఏ దిట్టం. ఆ దిట్టంలో నుండి అవసరమైన భాగానికి తీసిన నకలు ఆర్‌ఎన్‌ఏ. అమైనో ఆమ్లాలు సరుకులు. రైబోసోములు పనివారు. తయారయ్యే ప్రోటీన్లే లడ్డూలు. దిట్టం మారితే తయారయ్యే పదార్థం మారుతుంది.

మరి పోటు గోడలు తొలగించినా, పనివారిని, సరుకులను, దిట్టాన్ని ఒకచోట చేర్చితే వంట సాగుతుందా? 1961లో అమెరికాలో మార్షల్ నీరెన్‌బర్గ్, హైన్‌రిఖ్ మథాయ్ చేసిన ప్రయోగం సాగుతుందని నిరూపించింది. వారు ఇ.కోలై అనే బాక్టీరియాను పగులగొట్టి, లోపలి రసాన్ని పరీక్షనాళికలోకి తీసుకున్నారు. దానికి తాము తయారుచేసిన ఆర్‌ఎన్‌ఏ సందేశాన్ని అందించారు. జీవకణం లేకుండానే ప్రోటీన్ తయారయింది. జన్యులిపి రహస్యం వీడటానికి ఈ ప్రయోగమే నాంది. ఆ కృషికి నీరెన్‌బర్గ్‌తో పాటు భారతదేశంలో జన్మించిన హరగోవింద ఖొరానాకు, రాబర్ట్ హాలీకి 1968లో నోబెల్ బహుమతి లభించింది. రోగ నిర్ధారణకు ఉపయోగపడగల కృత్రిమ కణాలకు ఈ 'కణరహిత రసం' ఒక మూలధనం.

రెండవ మూలధనం గోడ. 1957లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ చాంగ్, రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్‌ను పలుచని కృత్రిమ పొరలో బంధించి తొలి కృత్రిమ కణాన్ని తయారుచేశాడు. 1960వ దశకంలో ఇంగ్లండుకు చెందిన అలెక్ బాంగం, కొన్ని కొవ్వు అణువులను నీటిలో కలిపితే అవి తమంతట తామే గుండ్రని సంచులుగా చుట్టుకుంటాయని కనుగొన్నాడు. వీటికి లైపోసోములని పేరు. ఇవి నిజమైన కణపు పొరను దాదాపుగా పోలి ఉంటాయి.

ఈ రెండింటినీ జోడించిన ప్రయోగాలలో ముఖ్యమైనది 2004లో జరిగింది. అమెరికాలో విన్సెంట్ నోయిరో, ఆల్బర్ట్ లిబ్‌షాబర్ అనే శాస్త్రజ్ఞులు బాక్టీరియా రసాన్ని కొవ్వు సంచిలో నింపారు. లోపలి సరుకులు త్వరగా తరిగిపోకుండా ఉండటానికి ఒక ఉపాయం చేశారు. స్టెఫిలోకాకస్ అనే రోగక్రిమి మన కణాలకు తూట్లు పొడవడానికి ఒక ప్రోటీన్‌ను వాడుతుంది. ఆ ప్రోటీన్‌నే కృత్రిమ కణం లోపల తయారయ్యేటట్లు చేశారు. అది పొరలో చిన్న చిన్న కిటికీలు తెరిచింది. వాటి గుండా పోషకాలు లోపలికి చేరి, ప్రోటీన్ తయారీ నాలుగు రోజుల వరకు కొనసాగింది. శత్రువు ఆయుధమే ఇక్కడ ఇంటికి గవాక్షమయింది.

క్రిముల సంభాషణ వినే కావలి

కృత్రిమ కణం రోగక్రిమిని ఎలా పసిగడుతుంది? దీనికి క్రిములే ఒక మార్గం చూపించాయి. బాక్టీరియా ఒంటరి జీవులని ఒకప్పుడు భావించేవారు. అవి పరస్పరం రసాయన సంకేతాలు పంపుకుంటాయని తరువాత తెలిసింది. ప్రతి క్రిమీ కొద్దిగా సంకేత పదార్థాన్ని బయటకు వదులుతుంది. సంఖ్య తక్కువగా ఉన్నంతకాలం ఆ పదార్థం పలుచగా ఉంటుంది. సంఖ్య పెరిగేకొద్దీ అది చిక్కబడుతుంది. రచ్చబండ దగ్గర తగినంతమంది చేరిన తరువాతనే ఊరు ఒక నిర్ణయానికి వచ్చినట్లు, సంకేతం ఒక మోతాదుకు చేరగానే క్రిములన్నీ కలిసి దాడికి పూనుకుంటాయి. ఆ సంకేతాన్ని మధ్యలో వినగలిగితే శత్రువు జాడ తెలిసినట్లే.

సూడోమోనాస్ ఎరుజినోసా అనే క్రిమి ఊపిరితిత్తులను, కాలిన గాయాలను పీడిస్తుంది. అది వదిలే సంకేతాన్ని గుర్తించే ప్రోటీన్ దాని దేహంలోనే ఉంది. శాస్త్రజ్ఞులు ఆ ప్రోటీన్ తయారీకి కావలసిన జన్యువును, దానికి అనుబంధంగా ఒక వెలుగు జన్యువును కలిపి కొత్త దిట్టం రాస్తారు. సంకేత పదార్థం వచ్చి ఆ ప్రోటీన్‌తో కలిసినప్పుడు మాత్రమే వెలుగు జన్యువు మేలుకొంటుంది. అప్పుడు ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ తయారవుతుంది. ఈ మెరిసే ప్రోటీన్‌ను ఒసాము షిమోమురా 1962లో ఒక సముద్రపు జెల్లీచేప నుండి వెలికితీశాడు. ఆకుపచ్చని వెలుగు కనిపిస్తే క్రిమి ఉన్నదని అర్థం. కనిపించకపోతే ఆ సంకేతం గుర్తించదగినంతగా లేదని అర్థం.

2017లో లండన్‌లోని ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు ఈ సూత్రాన్ని రోగుల నమూనాలపై ప్రయోగించారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధితో బాధపడేవారి కఫంలో సూడోమోనాస్ సంకేతాన్ని కణరహిత రసంతో కొలవగలిగారు. అదే సంవత్సరం ఇటలీలోని ట్రెంటో విశ్వవిద్యాలయానికి చెందిన షెరెఫ్ మాన్సీ బృందం, కొవ్వు పొర గల కృత్రిమ కణాలు సజీవ బాక్టీరియా సంకేతాలను విని, తిరిగి జవాబు కూడా చెప్పగలవని చూపింది. మొదటి ప్రయోగంలో పొర లేదు, రోగి నమూనా ఉంది. రెండవ దానిలో పొర ఉంది, రోగి లేడు. ఈ రెండు దారులు కలిసే చోటనే కృత్రిమ కణంతో రోగ నిర్ధారణ అనే లక్ష్యం ఉంది.

సంకేతాలు వదలని వైరస్‌ల విషయంలో జన్యుపదార్థాన్నే ఆనవాలుగా తీసుకుంటారు. 2014లో కీత్ పార్డీ, జేమ్స్ కాలిన్స్ బృందం అమెరికాలో కణరహిత రసాన్ని కాగితపు బిళ్ళలపై వేసి, నీరు లేకుండా శీతలపద్ధతిలో ఎండబెట్టింది. అప్పడం వడియం వలె ఎండిన ఆ రసం సాధారణ ఉష్ణోగ్రతలోనే ఏడాది వరకు నిలవ ఉండగలదని తేలింది. నమూనాను నీటితో కలిపి చుక్క వేయగానే అది తిరిగి పనిలోకి దిగుతుంది. 2016లో జికా వైరస్ వ్యాపించినప్పుడు ఇదే బృందం దానిని గుర్తించే కాగితపు పరీక్షను రూపొందించింది. వైరస్ ఉన్నట్లయితే పసుపు పచ్చని బిళ్ళ ఊదారంగుకు మారుతుంది. 2021లో ఇటువంటి ఎండిన రసాన్ని ముఖానికి ధరించే మాస్కులో అమర్చి, కోవిడ్ వైరస్‌ను 90 నిమిషాలలో గుర్తించవచ్చని చూపారు. ఇవి పొర గల కృత్రిమ కణాలు కావు, వాటి దగ్గరి బంధువులు. కాని యంత్రం లేని చోటకు, శీతలపేటిక లేని చోటకు పరీక్షను తీసుకుపోవచ్చనే ఆశకు ఇవే ఆధారం.

ప్రాణం లేకపోవడమే మేలు

ఈ పనికి సజీవమైన బాక్టీరియానే మార్చి వాడుకోవచ్చు కదా అనే సందేహం కలగవచ్చు. అటువంటి పరిశోధనలు కూడా జరుగుతున్నాయి. అయితే సజీవ క్రిమి పెరుగుతుంది, విభజన చెందుతుంది, మార్పులకు లోనవుతుంది. ప్రయోగశాల దాటి బయటపడితే దాని నడవడి మన చేతిలో ఉండదు. కృత్రిమ కణానికి సంతానం లేదు. దానిలో నింపిన సరుకులు తీరిపోగానే పని ఆగిపోతుంది. గాయంలోని ప్రతికూల పదార్థాలు, యాంటీబయాటిక్ మందులు సజీవ క్రిమిని చంపవచ్చు. ప్రాణమే లేని కృత్రిమ కణానికి చావు భయం లేదు. అయితే వాటిలో కొన్ని దాని లోపలి రసం పనిని కూడా ఆపగలవు. కనుక ఏ మందు దగ్గర అది పనిచేస్తుందో ముందుగా పరీక్షించక తప్పదు.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. 2016లో క్రెయిగ్ వెంటర్ బృందం 473 జన్యువులు మాత్రమే గల బాక్టీరియాను రూపొందించింది. దాని జన్యువులు ప్రయోగశాలలో తయారైనవే అయినా, అది పెరిగి విభజన చెందే ప్రాణి. ఈ పాఠంలో చెప్పిన కృత్రిమ కణం ప్రాణి కాదు. జీవం చేసే అనేక పనులలో ఒక్కదానిని, గుర్తించడాన్ని, మాత్రమే అరువు తెచ్చుకున్న పనిముట్టు.

తీరవలసిన లోపాలు

కొత్త విద్యను గురించి చెప్పేటప్పుడు దాని లోపాలను దాచడం శాస్త్రధర్మం కాదు. కృత్రిమ కణపు పొర సున్నితమైనది. ఎండకు, కుదుపుకు, ఉప్పుశాతంలో మార్పుకు అది కారిపోవచ్చు. పొరలోని కిటికీలు చిన్న అణువులనే లోపలికి రానిస్తాయి. పెద్ద ప్రోటీన్లు, జన్యుపదార్థం బయటనే నిలిచిపోతాయి. రక్తంలోను, కఫంలోను ఉండే కొన్ని పదార్థాలు లోపలి రసం పనిని అడ్డుకుంటాయి. పరీక్షనాళికలో చక్కగా వెలిగిన కణం రోగి నమూనాలో వెలగకపోవచ్చు. కారణం లేకుండా వెలిగి, లేని రోగాన్ని ఉన్నట్లు చూపవచ్చు కూడా. ఒక్కొక్క పరీక్ష వేలమంది రోగులపై నిగ్గు తేలిన తరువాతనే ఆసుపత్రికి చేరాలి.

స్క్రబ్ టైఫస్ విషయంలో ఈ కష్టం మరింత ఎక్కువ. దాని క్రిమి కణాల లోపల దాగి ఉంటుంది. రక్తంలో దాని సంఖ్య తక్కువ. కనుక దాని జన్యుపదార్థాన్ని ముందుగా వృద్ధి చేసి, తరువాత గుర్తించే విధానం కావాలి. ఈ వ్యాధికి కృత్రిమ కణపు పరీక్ష ఏదీ నేడు ఆసుపత్రులలో వాడుకలో లేదు. అందువలన వైద్యులు లక్షణాలను, ఋతువును, రోగి చేసే పనిని బట్టి అనుమానం కలిగిన వెంటనే, పరీక్షా ఫలితం కోసం వేచి ఉండకుండా చికిత్స ప్రారంభిస్తారు. అది సరైన పద్ధతి. జ్వరంతో వచ్చిన రోగిని 'పొదలలో తిరిగారా? ఒంటిమీద నల్లని పుండు ఉందా?' అని అడగడమే నేటికి అందరికీ అందుబాటులో ఉన్న తొలి పరీక్ష.

అయితే ప్రతి జ్వరానికీ అనుమానంతోనే యాంటీబయాటిక్ మందులు వాడుతూ పోతే క్రిములు వాటికి అలవాటుపడి, లొంగని దశకు చేరుకుంటాయి. ఈనాడు ప్రపంచ వైద్యరంగాన్ని కలవరపెడుతున్న సమస్య ఇదే. కచ్చితమైన గుర్తింపు రోగికి ఎంత అవసరమో, మందుల శక్తిని కాపాడుకోవడానికీ అంతే అవసరం.

కొండ కింది ఆశ

తిరుపతి పుణ్యక్షేత్రమే కాక విద్యాక్షేత్రం కూడా. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1960లో వైద్య కళాశాల, 1993లో స్విమ్స్ ఆసుపత్రి ఇక్కడ వెలిశాయి. 2015లో భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ, ఐఐటీ ప్రారంభమయ్యాయి. రోగులను చూసే వైద్యులు, కణాన్ని చదివే శాస్త్రజ్ఞులు, పరికరాలను నిర్మించే ఇంజనీర్లు ఒకే కొండ నీడలో ఉన్నారు. కృత్రిమ కణం వంటి విద్యకు ఈ మూడు వర్గాల వారూ కావాలి. జీవశాస్త్రం చదివే విద్యార్థికి రసాయన శాస్త్రం, రసాయన శాస్త్రం చదివే విద్యార్థికి పల్లె ఆసుపత్రి అవసరాలు తెలియాలి.

ఏదో ఒకనాడు మామిడి తోటలో గడ్డి కోసే ఆ స్త్రీ జ్వరం వచ్చిన రెండవనాడే ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్తుంది. అక్కడి నర్సు ఒక చుక్క రక్తాన్ని చిన్న గాజు సీసాలో కలుపుతుంది. గంటలో సీసాలోని నీరు రంగు మారుతుంది. వ్యాధి పేరు తెలుస్తుంది. సాయంత్రానికి మందు అందుతుంది. ఏడవనాటికి ఆమె తిరుపతి ఆసుపత్రిలో ఆయాసంతో కాక, తన ఇంటి ముంగిట ఆరోగ్యంగా ఉంటుంది. ఈ దృశ్యం ఇంకా నిజం కాలేదు. దానిని నిజం చేయడానికి కావలసిన అంశాలు ఒక్కొక్కటిగా ప్రయోగశాలలలో సిద్ధమవుతున్నాయి.

పరిశోధనకు ఓర్పు కావాలి. ప్రతి ఫలితాన్ని పదిసార్లు సరిచూసుకోవాలి. అక్కడ 'నిదానమే ప్రధానం' అన్న పెద్దల మాట శిరోధార్యం. ఆ ఓర్పు ఫలించిననాడు రోగి శయ్య పక్కన నిదానం వేగాన్ని సంతరించుకుంటుంది. శాస్త్రజ్ఞుడు నెమ్మదిగా నడిస్తేనే వైద్యుడు త్వరగా నడవగలుగుతాడు.